మూడు సూదులు

పిడి సగం దాకా దిగి ఆగిపోయింది. కృష్ణకుమారి పాదాలు నేలకి తన్నిపెట్టి ఇంకాస్త బలంగా లాగింది. ప్రెస్ లోపల పుటుక్కుమంది. చెవుల మీద చప్పుడాపే మఫ్స్ ఉన్నా, గోడ అవతల షూటింగ్ రేంజ్‌లో ఆరు వరసల్లో జనం పిస్తోళ్ళు పేలుస్తున్నా, ఆ చప్పుడు మాత్రం ఆమెకి వినబడకుండా పోదు. అది చెవికి కాదు, మోచేతికి తెలుస్తుంది. సోమవారం నుంచి ఇది పదకొండోసారి. ఇవాళ శుక్రవారం.

పిడి పైకెత్తి తొడుగుని ఊడదీసి బల్ల మీద బోర్లించింది. విరిగిన సూదిముక్క రాలింది. తొడుగు అడుగున ప్రైమర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, మధ్యలో చిన్న బొక్కతో. దాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూసి, "నీ తస్సదియ్యా" అంది. అని, దాన్ని పారెయ్యకుండా కిటికీ గట్టు మీద మిగతా పదింటి పక్కన నిలబెట్టింది.

చెప్పుకుంటే ఈ పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకసారి పేలిన తూటాలో గుండు పోతుంది, మందు కాలిపోతుంది, మిగిలేది వేలెడైనా లేని ఇత్తడి తొడుగు. దాని అడుగున బొట్టుబిళ్ళంత ప్రైమర్ ఒకటుంటుంది. పిస్తోలు కొట్టేది దాన్నే, నిప్పు పుట్టేదీ అక్కడే. పేలాక అది ఎందుకూ పనికిరాదు. దాన్ని తీసేసి కొత్తది కూర్చితేనే తొడుగు మళ్ళీ తూటా అవుతుంది. ఆ పాతదాన్ని తియ్యడం కృష్ణకుమారి పని. తొడుగుని ప్రెస్‌లో నిలబెట్టి పిడి లాగితే తొడుగు పైకి లేచి, డై అనే ఉక్కు గొట్టంలోకి దూరుతుంది. డై మధ్యలో ఉన్న ఉక్కు సూది తొడుగు మూతిలోంచి దిగి, అడుగున ఉన్న చిల్లులోంచి పాత ప్రైమర్‌ని బయటికి నెడుతుంది. అది టక్కుమని కింద డబ్బాలో పడుతుంది. రోజుకి వెయ్యిసార్లు, తొమ్మిదేళ్ళుగా ఆ టక్కులు వింటూనే ఉంది.

గుళ్ళో ఎవరైనా మీరేం చేస్తుంటారండీ అని అడిగితే కూతురు అనురాధ పక్కనుంచి అందుకుని, స్పోర్ట్స్ స్టోర్‌లో అంటుంది. కృష్ణకుమారి ఒక్క క్షణం ఆగి, అడిగినావిడ మొహంలోకి సూటిగా చూసి, "తూటాలు సేస్తానమ్మా" అంటుంది. ఆవిడ ప్రసాదం గిన్నె పట్టుకుని ఇంకో పక్కకి తప్పుకుంటుంది. ఇంటికొచ్చేదాకా అనురాధ కారులో మాట్లాడదు. కృష్ణకుమారి మాత్రం కిటికీలోంచి తాముండే అల్ఫారెట్టా ఊరి ఇళ్ళన్నీ చూసుకుంటూ హాయిగా కూర్చుంటుంది. చేసే పని చెప్పుకోడానికి సిగ్గెందుకో ఆమెకి ఈ అరవైమూడేళ్ళలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

పొట్టి మనిషి. నేతచీర మీద రేంజ్ వాళ్ళిచ్చిన నల్ల ఏప్రన్, కాళ్ళకి మగపిల్లల స్నీకర్స్, నెరిసిన జుట్టు వేలిముడి. కుడి అరచేతిలో బొటనవేలి మొదట్లో గోధుమరంగు కాయ. ఆ చేతికి ఈమధ్య చిన్న అదురు పట్టుకుంది. కాఫీ కప్పు ఎత్తితే పైన కాఫీ కదులుతుంది. అందుకని కప్పుని రెండు చేతుల్తో పట్టుకుంటుంది, చలికి పట్టుకున్నట్టు. ఏప్రిల్ నెలలో జార్జియాలో చలేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోలేదు.

ఇవాళ పొద్దున లేచినప్పట్నుంచి ఎడమ దవడ కింద లాగుతోంది. దిండు సరిగా లేదనుకుంది.

రాజ్ లోపలికొచ్చాడు. రేంజ్ అతనిది, లేదా అతని నాన్నది; రెండు మోటెళ్ళు నడిపే ఆ పెద్దమనిషి మూడేళ్ళ కిందట దీన్ని కొని కొడుక్కి అప్పజెప్పాడు. కుర్రాడు ఈ దేశంలోనే, మేకన్‌లో పుట్టి పెరిగాడు. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. కిటికీ గట్టు మీది తొడుగుల్ని వేలుపెట్టి లెక్కపెట్టాడు.

"ఆంటీ, ఎలెవెన్."

ఆమె మఫ్స్ మెడ మీదికి దింపుకుని, తనకీ లెక్కలొచ్చని చెప్పింది.

అతను అరచేయి చాపాడు. చిన్న ప్లాస్టిక్ సంచిలో మూడు సూదులు. ఆ ఏడు దేశమంతా తూటాలకి కరువొచ్చి పడింది. జనం ఎగబడి దొరికింది దొరికినట్టు కొనేసుకున్నారు. తూటాలే కాదు, మందు లేదు, కొత్త ప్రైమర్లు లేవు, చివరికి ఈ సూదులు కూడా ఏ కొట్టులోనూ లేవు. రేంజ్‌కొచ్చేవాళ్ళకి అమ్మడానికి పాత తొడుగులే గతి అయ్యాయి. ఆదివారం ఆడవాళ్ళ క్లాసు ఉంది, ఆరువందల తూటాలు కావాలి. ఇవన్నీ రాజ్ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కలిపి చెప్పి, చివరికి అసలు మాటకొచ్చాడు.

"ఇవి లాస్ట్ త్రీ, ఆంటీ. ఇవి కూడా బ్రేక్ అయితే నేను బెంచ్ క్లోజ్ చేసేస్తాను. బ్రాస్ అంతా బయటికి పంపిస్తాను, వాళ్ళకి మెషీన్ ఉంది. మీరు ఫ్రంట్ కౌంటర్‌లో కూర్చోండి. అనూ అక్క కూడా సేమ్ చెప్పింది. మీ హ్యాండ్స్ షేక్ అవుతున్నాయి అని."

ఆమెకి ఇది కొత్త కబురు కాదు. కిందటి ఆదివారం అనురాధ గరాజ్‌లో నిలబడి ఫోన్లో ఆ మాటలు అంటుంటే, బట్టల బుట్ట పట్టుకుని తలుపు వెనక నిలబడి విన్నది. అమ్మకి తెలీకుండా మెల్లిగా తప్పించు రాజ్, తనంతట తను మానదు అంది అనురాధ. కృష్ణకుమారికి ఆ పూట అన్నం సయించలేదు. విన్నట్టు మాత్రం తెలియనివ్వలేదు.

"నా సెయ్యి కప్పుకి అదుర్తాది బాబూ," అంది. "పిడికి అదరదు."

సూదుల సంచి అతని చేతిలోంచి తీసుకుంది.

అతను వెళ్ళాక బల్ల సొరుగులోంచి ఇత్తడి కుంకుమ భరిణ తీసి అందులో రెండు సూదులు వేసింది. ఆ భరిణ సొంతూరు బుడితిలో వాళ్ళ నాన్న పోతపోసింది, పెళ్ళికిచ్చింది. వాళ్ళు కంచరివాళ్ళు; చెంబులూ బిందెలూ గంటలూ పోతపోసుకుని బతికిన కుటుంబం. 2001లో ఆడపడుచు స్పాన్సర్ చేస్తే భర్త శేషగిరితోనూ కూతురితోనూ ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నది ఇదొక్కటే. శేషగిరి పోయినప్పుడు ఆడపడుచు దగ్గరికొచ్చి, వదినా ఇంక ఇది లోపల పెట్టెయ్యి అంది. కృష్ణకుమారి కుంకుమంతా గులాబీ కుండీలో దులిపేసి, భరిణ పనికి తెచ్చుకుని సూదులు పోసుకుంది. పదో రోజు దాటగానే స్టిక్కర్ బొట్టు పెట్టుకుని పనిలోకొచ్చేసింది. ఆడపడుచు ఏడాది మాట్లాడలేదు, ఈమె కూడా ఏమంత వెలితి పడలేదు.

మూడో సూదిని డైలో బిగించింది. కానీ పిడి లాగలేదు.

ఈసారి గుడ్డిగా లాగేది లేదు. ప్రెస్ వెనక గోడకి కాగితం ఒకటి అంటించి ఉంది, ఆమె చేతిరాతే. పాత యజమాని క్లైడ్ చెప్పినవి తెలుగులో రాసుకుంది. మొదట్లో ఆమె ఇక్కడ నేల తుడిచే మనిషి. డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు తప్పి, ఇంగ్లీషు సరిగా రాక, అదొక్కటే దొరికింది. రాలిన తొడుగులు ఊడ్చి క్లైడ్‌కి ఊరికే కుప్ప పోసివ్వకుండా, ఇండియన్ స్టోర్‌లో కొన్న చాటలో పోసి చెరిగి, రాళ్ళొక పక్కకి, చిన్న సైజువి ఒక పక్కకి, పెద్దవి ఒక పక్కకి చేసి ఇచ్చేది. అతను తన జల్లెడ మెషీన్ వంకా ఆమె చాట వంకా మార్చి మార్చి చూసి, మర్నాడు బెంచ్ దగ్గర కూర్చోబెట్టాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. చేత్తో చూపించేవాడు, చేత్తో నేర్చుకునేది. ఇప్పుడతను లేడు. రేంజ్ అమ్మి ఫ్లోరిడా వెళ్ళాడు, వెళ్ళిన ఏడాదే పోయాడు.

కాగితం ప్రకారం మొదట చూడాల్సింది సూది పొడవు. డై కిందికి పెసరగింజంత దిగాలి. తక్కువైతే ప్రైమర్ పూర్తిగా ఊడదు, సూదికి అతుక్కుని మళ్ళీ వెనక్కొచ్చేస్తుంది. ఎక్కువైతే సూది వంగుతుంది. వంగి చూసింది, సరిగ్గానే ఉంది. తర్వాత తొడుగు నిలబెట్టే ఉక్కు గిన్నె. దాని కింద బూడిద పేరుకుంటే తొడుగు ఒరుగుతుంది, సూది చిల్లు తప్పి అంచుకి తగులుతుంది. గిన్నె ఊడదీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దింది. కాస్త మసి రాలింది, రోజూ రాలేటంతే.

మూడోది, తొడుగులో ఏముందో. బకెట్‌లోవి చాటలో పోసి మరోసారి చెరిగింది. మూడు గులకరాళ్ళు, పెద్దదానిలో ఇరుక్కున్న చిన్న తొడుగు ఒకటి దొరికాయి. పదకొండు సూదులు విరగడానికి అవి చాలవు. నాలుగోది, విదేశాల్లో చేసే కొన్ని తొడుగులకి అడుగున నడిమధ్య చిల్లుకి బదులు పక్కపక్కన రెండు చిన్న చిల్లులుంటాయి. సూదికి దిగే దారుండదు, విరగాల్సిందే. టార్చి వేసి ఒక్కొక్కదానిలోకీ చూసింది. గంట పట్టింది. అలాంటిది ఒక్కటీ లేదు.

కాగితం అయిపోయింది. ఆమెకి అప్పుడు భయం వేసింది. ఎవరి ముందూ పడని భయం, ఎవరూ లేనప్పుడు పడింది. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి చూసుకుంది. కుడిచేతి వేళ్ళు సన్నగా, తమలో తామే ఏదో చెప్పుకుంటున్నట్టు కదులుతున్నాయి. అనురాధ మాటే నిజమా? ఈ బెంచ్ పోతే రేపట్నుంచి కౌంటర్ వెనక కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకి మఫ్స్ అద్దెకివ్వాలి. అక్కడ ఏ పనీ ఉండదు, కూర్చోవాలంతే. రెండు నెలలు కూర్చోబెట్టి, ఆంటీ ఇంక ఇంట్లో రెస్ట్ తీసుకోండి అంటారు. ఆ రెస్ట్ అనే మాట వింటేనే ఆమెకి ఒళ్ళు మంట.

"సూద్దారి," అని పైకే అని లేచింది.

పొద్దున ఊడ్చిన తొడుగులు మూల అట్టపెట్టెలో ఉన్నాయి. మసిగా, కడగనివి. ఒక గుప్పెడు తెచ్చి ప్రెస్‌లో పెట్టింది. పిడి లాగింది. టక్. ఇంకోటి. టక్. నలభై లాగింది, నలభై ప్రైమర్లూ నోరెత్తకుండా డబ్బాలో పడ్డాయి. సూది నిటారుగా ఉంది.

చెయ్యి అదే, సూది అదే, ప్రెస్ అదే. మారింది తొడుగు. ఆ ముక్క మనసుకి తట్టగానే ఆమెకి ఊపిరి తేలికయింది. మసి తొడుగొకటి, బకెట్‌లో తొడుగొకటి పక్కపక్కన పెట్టి భూతద్దం పట్టింది. బకెట్‌లోది బంగారంలా మెరుస్తోంది. కానీ అడుగున, ప్రైమర్ చుట్టూ, వెంట్రుక మందాన ఆకుపచ్చ గీత ఉంది. గోటితో గీకితే గోటికి పొడి అంటింది. కిలుము.

కంచరివాళ్ళ పిల్లకి కిలుమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె తల ఎత్తి అల్మరా పైనున్న గాజుసీసా వంక చూసింది. సీసా మీద ఆమె చేతిరాతే: పని చింతపండు, తినరాదు.

జనవరిలో తొడుగులు తళతళలాడించే మెషీన్ పాడైపోయింది. నల్లటి తూటాలు చూసి కొనేవాళ్ళు మొహం చిట్లిస్తున్నారని రాజ్ గొణిగాడు. ఇత్తడి తోమడానికి మెషీనెందుకు, ఇంటింటా తెలిసిన పనేగా అని ఈమె చింతపండు నానబెట్టి, ఉప్పేసి, బకెట్లకొద్దీ తోమిపెట్టింది. రాజ్ ఆ మెరుపు చూసి ఫోటోలు తీసి నాన్నకి పంపాడు. మొదట బాగానే ఉంది, కడిగిన మర్నాడే ప్రైమర్లు తీసేసేది. ఇంతలో కొత్త ప్రైమర్లు దొరకడం మానేశాయి. కొత్తవి రానిదే పాతవి తియ్యడం దండగని అయిదు వారాలు పని ఆగింది. ఆమె చేతులు కట్టుకుని ఊరుకోలేక కడుగుతూ పోయింది. తువ్వాలు మీద ఆరబోసి, పైకి ఆరినట్టు కనిపించగానే బకెట్‌లో పోసి మూతపెట్టింది. ప్రైమర్ కింద సందులో దాక్కున్న పులుపు నీళ్ళు ఆరలేదు. అయిదు వారాలూ అక్కడే కూర్చుని, ప్రైమర్‌ని ఇత్తడికి అంటుకట్టాయి. ఈ సోమవారం కొత్త ప్రైమర్లొచ్చాయి. ఆ బకెట్లు అప్పుడే విప్పింది.

నాన్న దుకాణంలో తోమిన బిందె తడి ఆరకుండా బోర్లించిందని ఏడేళ్ళప్పుడు చెంపదెబ్బ తిన్నది. ఆ దెబ్బ మర్చిపోయినందుకు ఇప్పుడు తనని తనే కొట్టాలనిపించింది. ఈ దేశం మొత్తం మీద ఇంకెవరూ చెయ్యలేని తప్పు చేశాను కదా అనుకుంటే కాస్త నవ్వు కూడా వచ్చింది.

అయితే ఇంకో ముక్క మిగిలింది. తొడుగు మొరాయిస్తే మొరాయించనీ, సూది ఎందుకు విరగాలి? పచ్చగీత ఉన్నదాన్నే ఒకటి ప్రెస్‌లో నిలబెట్టి, పిడిని రెండు వేళ్ళతో మాత్రమే పట్టుకుని లాగింది. సగంలో ఆగింది. సూది మొన ప్రైమర్ మీద ఆనడం చేతికి తెలిసింది, అది కదలనని భీష్మించడం కూడా తెలిసింది. అక్కడే ఆపేసి, పిడి ఎత్తేసింది. సూదికి ఏమీ కాలేదు.

ఆమె స్టూలు మీద కూలబడింది. సోమవారం నుంచి తను ఇలా లాగలేదు. పాదాలు తన్నిపెట్టి, భుజం బరువంతా వేసి లాగింది. పిడి లాగిన ప్రతిసారీ గరాజ్‌లో విన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. మొరాయించేదానితో కొట్లాడకు, పక్కన పడెయ్ అని క్లైడ్ ఎన్నోసార్లు చేత్తో చూపించాడు. అది మెషీన్ తప్పు కాదు కనక ఆమె కాగితం మీదికి ఎక్కించలేదు.

పన్నెండున్నరకి టిఫిన్ డబ్బా తెరిచింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. దిగలేదు. దవడ లాగుడు ఎడమ భుజానికి పాకింది. ఆవకాయ పడలేదనుకుని మూత పెట్టేసింది. అప్పుడే అనురాధ ఫోన్ చేసింది. మాట అటూ ఇటూ తిప్పి, రాజ్ ఏమైనా అన్నాడా అని అడిగింది. అన్నాడని కృష్ణకుమారి చెప్పింది.

"నా సెయ్యి గురించి నాతో సెప్పాల నువ్వు," అంది. "వాడితో కాదు."

అవతల ఆఫీస్‌లో ఎవరో నవ్వుతున్నారు.

"నాకు భయమమ్మా," అంది అనురాధ. "నువ్వు ఆ గన్స్ మధ్యలో, ఆ పౌడర్ మధ్యలో, ఆ చేతులతో. నైట్ నిద్ర పట్టట్లేదు నాకు."

కృష్ణకుమారికి కోపం దిగిపోయింది. పిల్ల దొంగతనంగా చేసింది కానీ దొంగబుద్ధితో చెయ్యలేదు. అయినా పట్టు వదలడం ఆమెకి చేతకాదు. ఇన్నేళ్ళలో ఒక్క గాయం కాలేదని, తన దగ్గరికి మందు రానే రాదని, పాతవి పీకడమే తన వంతని మళ్ళీ చెప్పింది. తను ఇంట్లో కూర్చుంటే అనురాధకి నిద్ర పట్టొచ్చు గానీ తనకి పట్టదని కూడా చెప్పింది.

"సాయంత్రం వొచ్చీటప్పుడు కేజీ సింతపండు పట్రా," అంది చివరికి. "అయిపోవొస్తంది."

"అంటే మానవన్నమాట."

"గింజ తీసింది తే."

మధ్యాహ్నమంతా ఇంకేమీ జరగలేదు. ఆరువందల తొడుగులూ ఒక్కొక్కటే వెలుగులో తిప్పి, పచ్చగీత ఉన్నవి తుక్కుడబ్బాలో వేసింది. నూట ఎనభై దాకా పోయాయి. ఆ లోటుని పొద్దున ఊడ్చిన మసివాటితో పూడ్చింది. మసిగా ఉంటే ఉండనీ, ఆదివారం వచ్చే ఆడవాళ్ళు తూటాలు పేల్చడానికొస్తున్నారు గానీ దేవుడి దగ్గర పెట్టడానికి కాదు. రెండు వేళ్ళూ బొటనవేలూ, అంతే. లాగడం, ఆగితే ఆగడం, ఎత్తడం. గీత కనబడకుండా దాక్కున్నవి ఓ పాతిక చేతికి దొరికాయి. వాటినీ కొట్లాడకుండా పక్కన పడేసి, బదులు మసివే తెచ్చుకుంది. గోడ అవతల పేలుళ్ళు గోడని తడుతూనే ఉన్నాయి. ఇవతల టక్కు టక్కుమని ప్రైమర్లు డబ్బాలో పడుతూనే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు చెమట పట్టి, ఏప్రన్ అంచుతో తుడుచుకుంది.

నాలుగున్నరకి రాజ్ వచ్చాడు. ఆరువందలూ ట్రేలలో మూతులు కిందికి పెట్టి బారులు తీర్చి ఉన్నాయి, అడుగున చిల్లులన్నీ ఖాళీగా కనబడేట్టు. అతను చూసిన మొదటిచోటు ట్రే కాదు, ప్రెస్. వంగి సూది చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

ఆమె మొదటినుంచీ చెప్పింది. చింతపండు, తడి, మూత, అయిదు వారాలు, కిలుము, ఏదీ దాచలేదు. దాచుకుంటే తొడుగుల మీదికి నెట్టెయ్యొచ్చు, అతనికి తెలిసేది కూడా కాదు. కానీ చెయ్యి మీద పడ్డ నింద తీరాలంటే తప్పు ఎవరిదో తేలాలి, అది తనదే అయినా సరే.

"సో, ఇట్ వాజ్ యు," అన్నాడు రాజ్.

"నానే. నా సెయ్యి కాదు." ఆమె లేచి నిలబడింది, అతని భుజం దాకా కూడా రాదు. "బలం సాలక ఇరగనేదు బాబూ. బలం సూపిద్దారని ఇరిగినాయి."

అతను తల గోక్కున్నాడు. అతనికి సగమే అర్థమయినట్టుంది, ఆ సగం చాలినట్టే ఉంది. ఇంక చింతపండు మానేద్దాం కదా అని అడిగాడు. మానేది లేదంది. వరస మారుస్తానంది: ముందు ప్రైమర్ తీసి, ఆ తర్వాత కడిగి, అడుగు చిల్లు తెరిచే ఉంటుంది గనక వెనక వాకిట్లో ఎండలో నిజంగా ఆరబెడతాను. అతను నవ్వాడు, పొద్దున్నుంచి మొదటిసారి.

"ఓకే ఆంటీ. మండే. మీ బెంచే."

అతను ట్రేలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. గెలిచానని ఆమె ఎవరితోనూ అనలేదు. అతను వెళ్ళిన తలుపు వంక చూసి మాత్రం చాలాసేపు నవ్వుకుంది. తర్వాత చెవి మీదున్న పెన్సిల్ తీసి గోడ మీది కాగితం అడుగున ఏదో రాసింది. బల్ల తుడిచింది. మఫ్స్ మళ్ళీ చెవులకెక్కించుకుంది, శుక్రవారం సాయంత్రం రష్ మొదలవుతుంది కనక. స్టూలు మీద కూర్చుని, అరచేయి పిడి మీద పెట్టి, కాస్త ఊపిరి తీసుకుందామని గోడకి ఆనుకుంది.

అనురాధ అయిదున్నరకి వచ్చి పార్కింగ్‌లో రెండుసార్లు హారన్ కొట్టింది. ఫోన్ చేసింది. మఫ్స్ పెట్టుకుని ఉంటుంది, వినబడదు అనుకుని, విసుక్కుంటూ లోపలికొచ్చింది. చేతిలో కేజీ చింతపండు పొట్లం ఉంది, గింజ తీసింది. అమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. అనురాధ దగ్గరికెళ్ళి మెల్లిగా మఫ్స్ తీసింది. తీశాక కూడా కృష్ణకుమారి కళ్ళు తెరవలేదు. చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది, అదరడం లేదు.

డాక్టర్లు గుండెపోటన్నారు. పొద్దున్నుంచే వస్తూ ఉండి ఉంటుందన్నారు.

పన్నెండో రోజు దాటాక అనురాధ రేంజ్‌కి వచ్చింది, అమ్మ వస్తువులు తీసుకెళ్ళడానికి. బెంచ్ మూసెయ్యలేదు. ఎవరినీ కూర్చోబెట్టనూ లేదు. రాజ్ తలుపు దగ్గరే నిలబడి, గోడ మీద కాగితం చూపించి, అందులో ఏముందో తను చదవలేనని, చదివి చెప్పమని అడిగాడు. అనురాధ చదివింది. సూది విరిగితే చూడాల్సినవి. సూది పొడవు, గిన్నె కింద మసి, లోపల రాయి, రెండు చిల్లులు. ఆ నాలుగూ పాత సిరాతో ఉన్నాయి. కింద పెన్సిల్‌తో ఇంకో రెండున్నాయి.

"ఐదు, తడి," అని చదివింది. "ఆరు, పంతం." ఆ తర్వాతి ముక్క మీద వేలు పెట్టింది. "చెయ్యి కాదు."

రాజ్ ఆమెని అక్కడ వదిలి ముందుకెళ్ళిపోయాడు.

అనురాధ స్వెటర్ మడతపెట్టింది. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, పని చింతపండు సీసా సంచిలో పెట్టుకుంది. చాట ఎక్కడ పెట్టాలో తెలీక చంకలో ఇరికించుకుంది. సొరుగు లాగితే తాతయ్య చేసిన భరిణ కనబడింది. తనకి తెలిసిన రోజుల్లో అందులో కుంకుమ ఉండేది. మూత తీసింది. అడుగున రెండు సూదులున్నాయి, కొత్తవి, ఒక్క గీత కూడా పడనివి. మూడోది ప్రెస్‌లోనే ఉంది, నిటారుగా.